కాలువ గట్టు మీద లెక్కల సారు

మొన్న కమలాపురం నుంచి కడపకు వస్తుంటే బస్సులో నా ముందు సీటు పెద్దాయన పంచె మోకాలి పైకి లాక్కుని, చిన్న సీసాలోంచి నొప్పుల నూనె అరచేతిలో ఒంపుకుని రుద్దుకోవడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి వేడిగాలి కొడుతోంది. ఆ గాలికి కర్పూరమూ నీలగిరి తైలమూ కలిసిన ఘాటు బస్సంతా పరుచుకుంది. నా పక్కనున్న ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ముందుకు వంగి ఇంకాస్త పీల్చుకున్నాను. అందరికీ అది మోకాళ్ల నొప్పుల వాసన. నాకది లెక్కల వాసన. కర్నూలులో ఎమ్మెస్సీ చదివినప్పుడూ, ఆ తర్వాత పరిశోధన చేసిన ఏళ్లన్నీ కూడా, పొద్దున మొదటి పీరియడుకు ముందుగా ఆ వాసన తరగతిలోకి వచ్చేది. దాని వెనకాలే, కాళ్లకు ఆ నూనె రాసుకున్న మద్దిలేటి సారు వచ్చేవారు.

సారు గురించి ఊళ్లో చాలామందికి తెలిసింది రెండు ముక్కలే. లెక్కల ప్రొఫెసరు, తెల్లవారకముందే కాలువ గట్టు మీద పరిగెత్తే మనిషి. పొడగరి, సన్నం, కడప బండలా నల్లగా గట్టిగా ఉండేవారు. చేతులు మడిచిన తెల్ల చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు. పరుగు బూట్లు మాత్రం డిపార్టుమెంటు గది కిటికీ ఊచలకు లేసులతో వేలాడుతూ ఉండేవి. పక్క డిపార్టుమెంటు పెద్దాయన ఒకరు అది చూసి ఓర్చుకోలేక, "ప్రొఫెసరు గదికి ఇదేం అలంకారమండీ" అన్నారట. సారు నవ్వి, "వాటికి గాలి తగలాల కదప్పా. లోపల పెడితే బాధపడేది మీరే" అన్నారట. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పరుగు మనిషి కదా, పాఠం కూడా గబగబా లాగించేస్తారని కొత్తగా చేరినవాళ్లం అనుకునేవాళ్లం. అలా ఉండేది కాదు. బోర్డు మీద ఒక ప్రశ్న రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరికి పోయి నిలబడేవారు. మేం తలలు గోక్కునేవాళ్లం. ఎవరైనా "సార్, చెప్పేయండి" అంటే, "ఏం తొందరమ్మా? బస్సేమన్నా పోతాందా?" అనేవారు. తక్కిన సార్ల దగ్గర నోట్సు నిండేది. ఈయన దగ్గర పీరియడంతా కలిపి ఒక్కోసారి అర పేజీ కూడా నిండేది కాదు. మొదట్లో ఆ అర పేజీ చూసి నాకు గుబులు పుట్టేది.

గుబులు ఎందుకంటే నేను నోట్సు మీదే బతుకుతున్న మనిషిని. మాది కడప జిల్లాలో ఒక మగ్గాల ఊరు. అమ్మా నాయనా ఇద్దరూ మగ్గం మీదే. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనొక్కదాన్నే. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల దాటుకుంటూ కర్నూలు బస్టాండులో దిగిన రోజు దూరం నన్ను భయపెట్టలేదు, క్లాసులో ఇంగ్లీషు భయపెట్టింది. అర్థం కానిదాన్ని బట్టీ పట్టడం ఒక్కటే నాకు తెలిసిన దారి. మగ్గాల చప్పుడును మించి గొంతెత్తి చదివి చదివి, ఎంత పొడుగు నిరూపణనైనా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పే అలవాటు చిన్నప్పుడే వచ్చింది. దాంతోనే డిగ్రీలో మొదటి తరగతి తెచ్చుకున్నాను. ఎమ్మెస్సీ కూడా అలాగే గట్టెక్కుతుందనుకున్నాను.

మొదటి ఇంటర్నల్ పరీక్ష అయిన వారానికి సారు నన్ను గదికి పిలిచారు. నా జవాబు పత్రం ఆయన ముందు ఉంది.

"కూర్చోమ్మా. సరళ కదా నీ పేరు? శానా నీటుగా రాసినావు. ఒక్క కొట్టివేత లేదు. ఈడ చూడు, డెల్టా ఉండాల్సిన చోట ఎప్సిలాన్ పడింది."

"తప్పయింది సార్."

"తప్పు నీది కాదు. ఆ గైడు అచ్చేసినోళ్లది." సారు సొరుగులోంచి అదే గైడు తీసి, అదే పేజీ తిప్పి చూపించారు. "పోయిన బ్యాచిలోనూ ఇదే తప్పు వచ్చింది, ఇదే వరసలో. సరే, ఆ మార్కు పోతాది, దాన్ని వదిలేయ్. ఒక్కటి చెప్పు. ఇది నీకు అర్థమైందా?"

అవుననడానికి నోరు తెరిచాను. సారు కళ్లలో కోపం లేదు, ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నారు. చిన్నప్పటి నుంచీ నన్ను అలా అడిగినవాళ్లు లేరు. "లేదు సార్" అన్నాను.

"అమ్మయ్య!" అని ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "ఇంక మొదలుపెట్టొచ్చు."

ఆ సాయంత్రం నుంచి రోజూ కాలేజీ అయ్యాక వాళ్ల ఇంటి వరండాలో నాకు వేరే చదువు మొదలైంది. నిరూపణను చివరి వాక్యం నుంచి వెనక్కి నడిపించేవారు. ఈ మాట ఎందుకు వచ్చింది, దీనికి ముందు ఏముంటే ఇది వస్తుంది, ఇది లేకపోతే ఏం చెడిపోతుంది. తెలుగులో అడిగేవారు. తెలుగులోనే చెప్పనిచ్చేవారు. "ముందు నీ భాషలో అర్థం చేసుకో. ఇంగ్లీషు తర్వాత అదే వస్తాది" అనేవారు. ఒక రోజు ఒక సిద్ధాంతం ఏ పుస్తకం చూడకుండా, బట్టీ పట్టకుండా, నా అంతట నేనే మొదటి నుంచి చివరి దాకా కట్టుకుంటూ వచ్చాను. అయిపోయాక చూస్తే గైడులో ఉన్నదానికీ దానికీ పోలికే లేదు. అయినా సరిగ్గానే ఉంది. ఆ రాత్రి హాస్టల్లో ఒళ్లు తెలియని నిద్ర పట్టింది. అప్పటిదాకా ఎన్ని ఏళ్లుగా మరచిపోతానేమోననే భయంతో పడుకున్నానో అప్పుడు తెలిసింది.

వరండా చదువులో లక్ష్మీదేవమ్మ గారికి కూడా వాటా ఉంది. ఆమె సారు భార్య, నర్సుగా చేసేవారు. డ్యూటీ నుంచి వచ్చి జొన్న రొట్టెలు, నంజుకోను చెనిక్కాయల ఊరుబిండి తెచ్చి మా మధ్య పెట్టి, "లెక్క తెగేదాకా కడుపు ఆగదు, తినండి" అనేవారు. పొద్దున పరుగులో కూడా ఆమెకు పని ఉండేది. సారు గట్టు మీద పరిగెత్తుతుంటే, నీళ్ల సీసా తగిలించుకున్న స్కూటీ మీద ఆమె వెనకాలే మెల్లగా వచ్చేవారు. "ఈయన పరుగు నేర్చుకున్నాడో లేదో గానీ, బండిని ఇంత నిదానంగా నడపడం నేను నేర్చుకుంటి" అని నవ్వేవారు. తర్వాత్తర్వాత ఆమె డ్యూటీలు మారి, సారు ఒక్కరే పోవడం మొదలుపెట్టారు.

సారు తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు. నాకు తెలిసిందంతా ఆమె చెప్పిందే. సారుది ఆదోని అవతల, కన్నడ దేశానికి ఆనుకుని ఉన్న పల్లె. వానలు లేని ఏళ్లలో అమ్మానాన్నలు కూలికి వలసపోతే, అవ్వ దగ్గర పెరిగారు. హైస్కూలు పక్క ఊళ్లో. బస్సు వస్తే వచ్చేది, లేకపోతే లేదు. లెక్కల అయ్యవారు గంట కొట్టాక ఎవరినీ లోపలికి రానిచ్చేవాడు కాదు. "ఆ పీరియడు పోగొట్టుకోవడం ఇష్టం లేక పరిగెత్తడం మొదలుపెట్టినాడంట. పుస్తకాలు తువ్వాలలో మూటగట్టుకుని నడుముకు కట్టుకునేవాడు. లెక్కల కోసం పరిగెత్తినాడో, పరుగు కోసం లెక్కలు పట్టుకున్నాడో ఆయనకే తెలీదు" అన్నారామె ఒకసారి, రొట్టె తిరగేస్తూ.

కాలేజీలో చేరాక పెద్ద దూరాల పందేల్లో గెలవడం మొదలైంది. ఆటల కోటాలో ఉద్యోగం ఇస్తామని పిలుపు వచ్చింది. ఊరంతా సంబరపడింది. సారు వెళ్లలేదు, ఎమ్మెస్సీలో చేరారు. "పరిగెత్తితే ఉద్యోగమిస్తామంటాండారు, ఈయప్ప కూర్చుని లెక్కలు చేసుకుంటా అంటాండాడు, ఏం మనిషప్పా!" అని ఊళ్లో పెద్దలు తలలు పట్టుకున్నారట. వాళ్ల నాయన మాత్రం చాలాసేపు ఆలోచించి, "రెండూ ఒకేసారి చేయకూడదని ఎవరన్నా చెప్పినారా నీకు?" అని అడిగాడట. లేదన్నారట సారు. "అయితే చెయ్ పో" అన్నాడట. అంతే. ఆ మాట చెబుతున్నప్పుడు లక్ష్మీదేవమ్మ గారి గొంతులో మామగారి మీద గౌరవం వినిపించేది.

ఎమ్మెస్సీ అయ్యాక నేను సారు దగ్గరే పరిశోధనకు చేరాను. అప్పుడు గానీ ఆయన లోపల ఇంకో మనిషి ఉన్నాడని తెలియలేదు. యువకుడిగా ఉన్నప్పటి నుంచీ సారు ఒక ప్రశ్నను పట్టుకుని ఉన్నారు. ఒక ప్రత్యేకమైన పద్ధతిలో సాగే సంఖ్యల వరుస ఒకటి ఉంది. అందులో ప్రధాన సంఖ్యలు, అంటే తమతోనూ ఒకటితోనూ తప్ప దేనితోనూ భాగింపబడనివి, అక్కడక్కడా వస్తుంటాయి. అవి ఎక్కడో ఒకచోట ఆగిపోతాయా, లేక అంతులేకుండా వస్తూనే ఉంటాయా? ఇదీ ప్రశ్న. అడగడం ఇంత తేలిక. జవాబు ఎవరికీ తెలియదు. వస్తూనే ఉంటాయని సారు నమ్మకం. నమ్మకం నిరూపణ కాదు. కొన్ని షరతులు పెడితే నిజమేనని ఆయన చిన్నవయసులోనే చూపించారు. ఆ షరతులు తీసేయడానికి మిగతా జీవితమంతా ప్రయత్నిస్తూనే ఉన్నారు. నా పరిశోధన కూడా ఆ పెద్ద ప్రశ్నలో ఒక మూల. సారు దాని గురించి గదిలో మాట్లాడేవారు కాదు. పరుగు నుంచి వచ్చి, చెమట ఆరుతుండగా గట్టు మీద కూర్చున్నప్పుడు మాత్రం, "ఈ పొద్దు ఒక దోవ కనబడింది, చూద్దాం" అనేవారు. రెండు రోజుల తర్వాత అడిగితే, "అది యాడికీ పోదు" అనేవారు. గొంతులో నిరాశ ఉండేది కాదు. అలాగని నొప్పి లేదనీ నేను చెప్పలేను.

నా పని చివరికొస్తున్న సంవత్సరం, కాలువకు నీళ్లు వదిలిన కొత్తల్లో, అది జరిగింది. పరిశోధకులు తమ కొత్త పనిని అందరికంటే ముందు ఉంచే ఒక వెబ్‌సైటు ఉంది. రోజూ పొద్దున దాన్ని చూడటం నాకు అలవాటు. ఆ రోజు తెరవగానే సారు ప్రశ్న కనిపించింది. ప్రశ్న కాదు, జవాబు. ఎక్కడో దూరదేశంలో, మేం ఎప్పుడూ పేరు వినని, నా ఈడు అమ్మాయి దాన్ని పూర్తిగా నిరూపించింది. ఏ షరతులూ లేకుండా. ఎక్కడో తప్పుంటుందని ఆశపడ్డాను. ఆశపడినందుకు సిగ్గుపడ్డాను కూడా. రెండు రోజులు గది దాటకుండా చదివాను. తప్పు దొరకలేదు. అందంగా ఉంది. ఎంత అందంగా ఉందంటే, చదువుతున్నంతసేపూ నా పని మునిగిపోతోందన్న సంగతే గుర్తురాలేదు.

సారుకు ఎలా చెప్పాలి? లక్ష్మీదేవమ్మ గారి దగ్గరికి పోయాను. జరిగింది చెప్పాను.

"దాచిపెట్టి ఏం చేస్తాం? వేరేవాళ్ల నోట వినేకంటే నీ నోట వినేదే మంచిది" అన్నారు.

"ఎప్పుడు చెప్పమంటారమ్మా?"

"రేపు పొద్దన్నే చెప్పు, పరుగుకు ముందు. కాళ్లు కదుల్తాంటేనే ఆయనకు దేన్నైనా తట్టుకునే శక్తి. కుర్చీలో కూర్చోబెట్టి చెప్తే మనిషి ఏమైపోతాడో."

తెల్లవారకముందే గట్టు మీదికి పోయాను. సారు ఒంగి లేసులు కట్టుకుంటున్నారు. తలెత్తి నా ముఖం చూశారు.

"ఏమైందమ్మా? ఇంట్లో అందరూ బాగుండారా?"

"బాగున్నారు సార్. మీ ప్రశ్న... తేలిపోయింది సార్."

ఆయన చేతులు లేసుల మీదే ఆగిపోయాయి. "ఎవరు?"

చెప్పాను.

"సరిగ్గా ఉండాదా?"

"నాకు తప్పు కనబడలేదు సార్."

సారు ముడి బిగించారు. లేచి నిలబడి, దూరంగా కాలువ వంక చూసి, "సరే" అన్నారు. పరుగెత్తడం మొదలుపెట్టారు. ఆయన అడుగులో ఏ తేడా నాకు కనిపించలేదు. రోజూ ఎలా పోతారో అలాగే పోయారు.

రోజూ వచ్చే వేళకు మాత్రం రాలేదు. ఎండ ఎక్కింది. కర్నూలు ఎండ సంగతి తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. డ్యూటీకి తయారై ఉన్న లక్ష్మీదేవమ్మ గారు నా ఫోను అందుకుని స్కూటీ మీద వచ్చారు. "ఎక్కు" అన్నారు. గట్టు వెంబడి పోతుంటే కాలువ నిండుగా, ఎర్రగా పారుతోంది. ఇద్దరం పొలాల వైపే చూస్తూ పోయాం. నీళ్ల వైపు ఎవరం చూడలేదు. ఎందుకు చూడటం లేదో ఇద్దరికీ తెలుసు. గేదెలు కడుగుతున్న మనిషిని అడిగితే, "పరుగు సారా? ఎప్పుడో పోయినాడమ్మా ఇట్ల. ఎనక్కి మాత్రం రాల్యా" అన్నాడు. అద్దంలో ఆమె ముఖం చూశాను. "నేనే కదా పరుగుకు ముందు చెప్పమంటి" అంటున్నారు, నాతో కాదు, తనలో తాను.

సారు ఎప్పుడూ వెనక్కి తిరిగే వంతెన దాటాం. తర్వాత ఇంకో పల్లె దాటాం. ఒక మోటారు షెడ్డు పక్కన ముందు ఆయన బూట్లు కనిపించాయి. బండి ఆపకముందే దూకేశాను. షెడ్డు వెనక్కి పోయి చూస్తే, సారు చెప్పుల్లేని కాళ్లతో నిలబడి, బొగ్గుముక్కతో సున్నం గోడ మీద రాసుకుంటున్నారు. గోడంతా నిండిపోయింది. పక్కనే ఒక రైతు మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి, "మీ మనిషేనామ్మా? శానాసేపటి నుంచి గోడ మీద రాస్తాండాడు. కరెంటు ఆఫీసోళ్లేమో, కొత్త లైను కొలుస్తాండారేమో అనుకుంటి" అన్నాడు.

లక్ష్మీదేవమ్మ గారు అక్కడే కూలబడ్డారు. సారు ఆమెను చూడనేలేదు. "సరళా, రా రా. ఆ పిల్ల ఎట్ల చేసిందో చెప్పొద్దు. నేనే చెప్తా, అవునో కాదో అంతే చెప్పు. ఈ రెంటినీ విడివిడిగా కాకుండా కలిపి లెక్కగట్టింది, అవునా?"

గోడ చూశాను. "సగం అవును సార్."

"సగమేనా? మరి తక్కినది?"

చెప్పాను. ఒకే ఒక్క వాక్యం. సారు కళ్లు మూసుకున్నారు. తెరిచి, బొగ్గు మరకల చేత్తో నుదురు కొట్టుకున్నారు. "అబ్బా, అదా! ఆ సందు పక్కనుంచే పోయింటినే, ఎన్నిసార్లు పోయింటినో!" అని నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే గట్టున కూర్చున్నారు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. కాసేపటికి నెమ్మదించి అన్నారు. "నాకు ఒకటే భయం ఉండె, సరళా. అది నిజమో కాదో తెలీకుండానే పోతానేమోనని. నిజమేనంట. నిజమేనంట, చూడు!"

అప్పుడు చూశారు భార్యను. ఆమె ఏడుస్తూ తిట్టడం మొదలుపెట్టారు. "బుద్ధుండాదా మీకు? ఈ ఎండలో, ఈ కాలువ గట్టున... మేం ఏమనుకున్నామో తెలుసునా?" సారుకు ముందు అర్థం కాలేదు. ఆమె చూపు పోయిన వైపు, పారుతున్న నీళ్ల వైపు చూశాక అర్థమైంది. ఆమె పక్కన కూర్చుని చాలా మెల్లగా, "పిచ్చిదానా, నాకు ఈత వస్తాది గదా" అన్నారు. ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది. రైతు మజ్జిగ చెంబు ముగ్గురికీ తిప్పాడు. అంత చల్లటి మజ్జిగ నేను మళ్లీ తాగలేదు. స్కూటీ మీద సారును ఎక్కించుకుని ఆమె ముందు పోయారు. నేను ఆ రైతు వాళ్ల ట్రాక్టరు మీద ఊళ్లోకి వచ్చాను. దోవపొడుగునా నాకే తెలియకుండా నవ్వుతూ వచ్చాను.

ఆ రోజుతో అంతా సర్దుకుందంటే అబద్ధమవుతుంది. కొన్ని వారాలు సారు పరుగుకు పోలేదు. కిటికీ ఊచలకు బూట్లు అలాగే వేలాడాయి. ఒక సాయంత్రం ఆయనే అన్నారు, "నాకే దొరికింటే బాగుండేది. అబద్ధమెందుకు చెప్పాల?" ఆ మాట బయటికి అనేసి, చాలాసేపు వీధి వంక చూస్తూ కూర్చుని, "సరే, రేపటి నుంచి ఆ పిల్ల రాసింది ఇద్దరం కూర్చుని లైను లైనూ చదువుదాం" అన్నారు. మరునాడు పొద్దున కిటికీకి బూట్లు లేవు.

ఇక నా సంగతి. నేను అప్పటిదాకా చేసిన పనంతా ఆ నిరూపణలో ఒక చిన్న పేరాలో ఇమిడిపోయింది. దిగులుతో ఇంటికి పోయి మగ్గం చూసుకుంటానన్నాను.

"మీ నాయన పోగు తెగితే చీర పారేస్తాడా?" అన్నారు సారు.

"తెగింది పోగు కాదు సార్, పడుగంతా పోయింది."

"అట్లైతే కొత్త పడుగు ఎక్కిద్దాం. మగ్గం ఉండాది కదా?"

ఆ అమ్మాయి వాడిన ఉపాయాన్నే పట్టుకుని పక్కనున్న ఇంకో వరుస మీద ప్రయోగించి చూడమన్నారు. మొదట్లో ఏమీ కదల్లేదు. తర్వాత కదిలింది. ఇంకో ఏడాది ఎక్కువ పట్టింది గానీ, చివరికి వచ్చిన ఫలితం మునుపటి దానికంటే గట్టిది. మౌఖిక పరీక్షకు బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు గారు ఎదురుచూడని ప్రశ్న ఒకటి అడిగారు. మునుపటి సరళ అయితే వణికిపోయేది. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి, "కొంచెం ఆలోచించుకుంటానండీ" అని కిటికీ దగ్గరికి పోయి నిలబడ్డాను. వెనక వరసలోంచి సారు దగ్గు వినిపించింది. నవ్వు ఆపుకోలేక దగ్గారని తర్వాత లక్ష్మీదేవమ్మ గారు చెప్పారు. జవాబు దొరికింది. ఆ పరీక్ష చూడటానికే మా నాయన మొదటిసారి కర్నూలు వచ్చాడు. సారు చేతులు పట్టుకుని ఏం మాట్లాడాలో తెలియక, "మీరు శానా సన్నంగా ఉండారు సార్, మా ఊరికి రండి, కొన్నాళ్లు ఉండిపోండి" అన్నాడు. సారు నిజంగానే వచ్చారు. మా ఊరి నుంచి ఎర్రగుంట్ల దోవలో సిమెంటు లారీల దుమ్ములో పొద్దున పరిగెత్తి వచ్చి, తెల్లటి మనిషై మా గడపలో నిలబడితే మా అమ్మ గుర్తుపట్టలేదు.

నాకు కడపలో డిగ్రీ కాలేజీలో ఉద్యోగం వచ్చింది. సారు రిటైరయ్యారు. ఫోన్లు నడుస్తూనే ఉండేవి. పోయిన ఎండాకాలం లక్ష్మీదేవమ్మ గారు ఫోను చేసి, "ఆయనకు గుండె ఆపరేషనంటమ్మా" అన్నారు. ఆ సాయంత్రానికి కర్నూలు చేరాను. ఇన్ని మైళ్లు పరిగెత్తిన గుండెకు ఏమైందని అడిగితే, పుట్టుకతోనే ఒక నాళం సన్నంగా ఉందని, పరుగు వల్లే ఇన్నాళ్లు ఇబ్బంది పెట్టలేదేమోనని డాక్టరు చెప్పాడు. ఆపరేషను థియేటరు బయట బెంచీ మీద లక్ష్మీదేవమ్మ గారూ నేనూ కూర్చున్నాం. ఆమె ఎందరినో ఆ తలుపుల్లోంచి లోపలికి పంపిన నర్సు. ఆ రోజు నా చెయ్యి వదల్లేదు. తలుపు తెరుచుకుని, డాక్టరు మాస్కు కిందికి లాగి బాగానే జరిగిందని తల ఊపాడు. ఆమె కూర్చున్న చోటే వెనక్కి వాలి, కళ్లు మూసుకుని, పొడుగ్గా ఊపిరి వదిలారు. నేనూ వదిలాను.

మాట్లాడే ఓపిక వచ్చాక సారు నన్ను దగ్గరికి పిలిచారు. "పరిగెత్తొచ్చా అని డాక్టరును అడిగినా. నడవండి అన్నాడు. లెక్కలు చేయొచ్చా అని మాత్రం అడగలే. వద్దంటాడేమోనని."

దసరా సెలవుల్లో మళ్లీ పోయాను. అప్పటికి సారు నడుస్తున్నారు. ఆయన వేగం నాకు సరిగ్గా సరిపోయింది. ఇన్నేళ్లలో మేమిద్దరం గట్టు మీద పక్కపక్కన నడవడం అదే మొదటిసారి. బూట్లు వేసుకున్న కుర్రవాళ్లు వెనక నుంచి వచ్చి "నమస్తే సార్" అంటూ దాటిపోతుంటే, సారు సంతోషంగా పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నారు. కొంత దూరం పోయాక ఆగి, ఊపిరి తీసుకుని, నాకు ఒక ప్రశ్న చెప్పారు. కొత్తది. ఆపరేషను తర్వాత మంచం మీద పడుకున్నప్పుడు తట్టిందట. వినడానికి చిన్నపిల్లల లెక్కలా ఉంది. ఎవరికైనా జవాబు తెలుసా అని అడిగాను. తెలీదన్నారు. నిజమేనని ఆయనకు ఎందుకనిపిస్తోందో అడిగాను. అదీ తెలీదన్నారు. "నా దగ్గర ఉంటే రాత్రుళ్లు నిద్ర పట్టనియ్యదు, మా ఆమె కోప్పడతాది. నువ్వు పెట్టుకో. తేలితే నీది. తేలకపోతే మంచి పిల్ల ఎవరన్నా కనబడితే ఇచ్చెయ్" అన్నారు.

ఇప్పుడది నా దగ్గరే ఉంది. కడపలో కాలేజీకి పోయే ముందు, పొద్దున కాఫీ చల్లారేదాకా దాంతో కూర్చుంటాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే అక్కడా కూర్చుంటాను. తేలలేదు. తేలుతుందో లేదో తెలియదు. ఆ తెలియకపోవడం ఒకప్పుడు గుండె మీద బండలా ఉండేది. ఇప్పుడు పక్కన నడిచే తోడు మనిషిలా ఉంటోంది. ఆదివారం పొద్దున సారు నడక ముగించుకుని ఫోను చేస్తారు. తేలిందా అని ఇంతవరకూ ఒక్కసారి కూడా అడగలేదు.

"యాడ దాకా వచ్చినావమ్మా?" అంటారు.

"ఈడ దాకా సార్" అని, ఆ వారం నేను చేరిన చోటి నుంచి చెప్పడం మొదలుపెడతాను.